వానొస్తే జొన్న ఎడమ పక్కకి వచ్చేది

నానక్‌రామ్‌గూడలో కుక్కల్ని నడిపించి బతికే ఇస్సాకుకి మబ్బు పడితే చాలు గుండె జారిపోయిన వానాకాలం ఒకటి ఉంది. పిడుగుల భయం కాదు. తడిసి మంచాన పడతానన్న బెంగా కాదు. వాన కురిసినప్పుడల్లా తనతోపాటు ఇంకెవరో నడుస్తున్నారని అతనికి గట్టి అనుమానం. ఆ అనుమానం పుట్టించింది ఏ మనిషి మాటా కాదు, జొన్న అనే కుక్క చూపు.

కుక్కల్ని నడిపించడం కూడా ఒక పనేనా అని బుగ్గలు నొక్కుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. వాళ్లు ఒకసారి పొద్దున్నే ఆ ఆఫీసు మేడల వెనక వీధులకి రావాలి. మేఘాల్ని తాకే ఇళ్లలో కుక్కలున్నాయి, వాటిని కిందికి దించే తీరిక ఉన్న మనుషులు లేరు. అందుకని తాడు పట్టుకునే మనుషులు పుట్టుకొచ్చారు. ఇస్సాకుది చీరాల పక్క పల్లె. కంపెనీ క్యాబు నడపడానికి ఈ ఊరొచ్చాడు. కరోనా వచ్చి ఆఫీసులన్నీ తలుపులేసుకుంటే స్టీరింగు వదిలి కుక్క తాడు పట్టాడు. "అప్పుడు నిద్రమొహాలని ఆఫీసుల్లో దింపేవాణ్ణి. ఇవి నయం, దారిలో ఫోన్లో అరవవు" అని భార్య రూతమ్మతో అనేవాడు. ఆమె ఒక ఆసుపత్రిలో ఆయాగా చేసేది. పాత ఊరిలో, మేడల నీడ మధ్యాహ్నానికే కమ్మేసే ఒక గదిలో ఇద్దరూ కాపురముండేవాళ్లు.

ఆ నేల గురించి ఒక మాట చెప్పుకోవాలి. అక్కడ మేడలు కొత్త, ఊరు పాత, బండరాళ్లు అన్నిటికన్నా పాత. మనిషి అనేవాడు పుట్టకముందు నుంచీ ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చినట్టు కూర్చున్న రాళ్లు. చాలావాటిని పేల్చేసి పునాదులు తీశారు. ఎందుకో మనసొప్పక వదిలేసిన ఒకటి రెండింటి చుట్టూ పచ్చిక పెంచి, అలంకారమని పేరు పెట్టారు. ఇస్సాకు పనిచేసే మేడల తోటలో కూడా అలాంటి బండ ఒకటి ఉంది. మేడల్లో జనం దిగుతున్న కొత్తలో దాని కిందే ఒక వీధికుక్క ఈని చచ్చిపోయింది. మిగిలిన ఒక్క పిల్లని అవినాష్ అనే సాఫ్ట్‌వేర్ కుర్రాడు ఒళ్లో పెట్టుకుని తొమ్మిదో అంతస్తుకి తీసుకెళ్లాడు. పచ్చజొన్న రంగులో ఉందని జొన్న అని పిలిచాడు.

ఇస్సాకుకి కుక్క అంటే ఏమిటో నేర్పింది అవినాషే. పనిలో చేరిన మొదటిరోజు జొన్న ఒక చెట్టు మొదట్లో ముక్కు పెట్టి కదలకపోతే ఇస్సాకు తాడు పట్టి లాగాడు. పక్కనే ఉన్న అవినాష్ అతని చెయ్యి పట్టుకున్నాడు.

"గుంజకు అంకుల్. అది ముందు ముక్కుతోని చూస్తది, తర్వాతనే కండ్లతోని. మనకన్నా ముందు ఇక్కడికి ఎవరొచ్చిన్రో, ఎటు పోయిన్రో మొత్తం వాసనలనే ఉంటది దానికి. అయ్యేదాకా నిలబడు. ఇది దాని వాకింగ్, మనది కాదు."

"దాని వాకింగైతే దాని చేతికే జీతం ఇవ్వండి బాబూ" అన్నాడు ఇస్సాకు. అవినాష్ పగలబడి నవ్వాడు. ఆ నవ్వుతోనే ఇద్దరికీ స్నేహం కుదిరింది. కుక్క ఆవలిస్తే నిద్రొచ్చినట్టు కాదు, గాభరా పడినట్టని అతనే చెప్పాడు. పెదాలు నాక్కుంటూ మొహం తిప్పుకుంటే "నన్ను వదిలెయ్యండి" అని మర్యాదగా చెప్పడమేనని చెప్పాడు. ఇస్సాకు ఊరెళ్లినప్పుడు జొన్న కోసం ఎండు నెత్తళ్ల చేపలు తెస్తానంటే, ఉప్పు కుక్కకి మంచిది కాదు, ఉప్పు పెట్టకుండా ఎండబెట్టించమన్నాడు. ఇస్సాకు అలాగే తెచ్చి ఇచ్చాడు.

ఆ ఏడు తొలకరిలోనే అవినాష్ పోయాడు. సాయంత్రం ఎండగా ఉందని బయల్దేరాడు, దారిలో వాన పట్టుకుంది, మలుపులో బండి జారింది. అంతే. అతని భార్య రమ్య మాట తగ్గిపోయి మనిషి సగమైంది. జనగామ నుంచి అవినాష్ తల్లి సుభద్రమ్మ వచ్చి కోడలికి తోడుగా ఉండిపోయింది. జొన్న మాత్రం ఇంటి తలుపు పక్కన, గోడకున్న ఖాళీ కొక్కెం కింద పడుకుని లేచేది కాదు. పశువుల డాక్టరు వచ్చి చూసి ఒంట్లో ఏ జబ్బూ లేదన్నాడు.

ముసుర్లు మొదలయ్యాయి. ఇస్సాకు గోనెసంచి కప్పుకుని తిరగడం చూసి, ఆ మేడల్లో ఊడ్చి తుడిచే లచ్చమ్మ ఒకనాడు వానకోటు ఒకటి తెచ్చి ఇచ్చింది. ముదురాకుపచ్చది, తలకి టోపీ ఉన్నది.

"ఎవలో పారేసిన్రన్నా. మంచిగుంది, తొడుక్కో. నాకైతే మోకాళ్లకిందికి వస్తది."

ఎడమ జేబు జిప్పు పట్టేసిందని తప్ప దానికి వంక పెట్టడానికేమీ లేదు. తడి బట్టలతో పనివాళ్లు లిఫ్టు ఎక్కకూడదని అక్కడ రూలు. అందుకని ఇస్సాకు ఆ కోటుని సెల్లారులో ఒక మేకుకి తగిలించి పైకెళ్లి, జొన్నని దించుకొచ్చాక తొడుక్కునేవాడు.

మొదటి ముసురునాడు అదే చేశాడు. కోటు గుండీలు పెట్టుకుని తిరిగి చూసేసరికి జొన్న అతని ఎడమ పక్కన నిలబడి ఉంది. ఎప్పుడూ అది కుడి పక్కనే నడిచేది. తాడు కూడా కుడిచేతిలోనే ఉంది. అయినా కాళ్లకి అడ్డంపడి మరీ ఎడమకి వచ్చి, అతని పిక్కకి ఆనుకుని అడుగులో అడుగు వేసింది. కొక్కెం కింది నుంచి లేవని కుక్క తోక ఊపింది. సన్నగా, గొంతులోనే, చాలాకాలానికి కనబడ్డవాళ్లని చూసినట్టు కూనిరాగం తీసింది.

తర్వాత తలెత్తి ఇస్సాకు మొహంలోకి చూసింది. చూసి, ఆవలించింది. పెదాలు నాక్కుని మొహం తిప్పేసుకుంది. మళ్లీ ఎడమ పక్కకి చూసి తోక ఊపింది. ఆ పక్కన వాన తప్ప ఏమీ లేదు.

వాన లేని రోజున అదేమీ లేదు. కుడి పక్కన తల వేలాడేసుకుని నడిచేది. వాన రాగానే ఎడమకి వచ్చేది. మిగతా ఇళ్ల కుక్కలు వానలోనూ మామూలుగానే ఉండేవి. అదే ఇస్సాకుని మరీ భయపెట్టింది. అందరి కుక్కలకీ కనబడితే దయ్యం అనుకోవచ్చు. ఒక్క జొన్నకే కనబడుతోందంటే అది తెలిసిన మనిషే అయి ఉండాలి. వానలో పోయిన మనిషి.

ఒకనాడు సాయంత్రం వెళ్లేసరికి ఆ ఇంటి ముందు చెప్పులన్నీ తిరగేసి ఉన్నాయి. రమ్య ఆఫీసు బూట్లు, సుభద్రమ్మ హవాయి చెప్పులు, చివరికి పక్కింటివాళ్లవి కూడా, అడుగులు ఆకాశానికి పెట్టి వరసగా చచ్చిన చేపల్లా పడి ఉన్నాయి. లోపల జొన్న మోరెత్తి కూస్తోంది.

"ఏందయ్యా ఇస్సాకూ, పొద్దూకితే ఇదే లొల్లి" అంది సుభద్రమ్మ తలుపు తీస్తూ. "చెప్పులు తిరగేసినా ఊకుంటలేదు. ఈ ఇంట్ల ఒక చావు చాలలేదా? ఇంకెవల్ని పిలుస్తుంది?"

దేశాలన్నీ తిరిగినా ఇదే కథ. కుక్క మోరెత్తితే మనిషికి గుమ్మంలో చావు నిలబడినట్టే. ఒక్కో చోట ఒక్కో విరుగుడు. విత్తనం నాటడం రాకముందే, వేట మానని రోజుల్లోనే మన నెగళ్ల దగ్గరికి వచ్చి కూర్చున్న జంతువది. మన కంటి కదలిక కూడా అది చదివేస్తుంది. ఇన్ని వేల ఏళ్ల కాపురం తర్వాత కూడా దాని గొంతు మనకి తెలియలేదు. గుంపులో ఒకటి దూరమైతే మిగతావి "ఎక్కడున్నావ్, మేమిక్కడున్నాం" అని కూతపెట్టడం దాని పూర్వీకుల అలవాటు. జొన్నకి ఉన్న గుంపు తనతో కలిపి ముగ్గురు. అందులో ఒకడు ఇంటికి రాలేదు.

ఇస్సాకు జొన్నకి తాడు కడుతుంటే రమ్య గది గుమ్మంలోకి వచ్చింది.

"అంకుల్, నిన్న వానల జొన్నను ఎవరు తిప్పిన్రు?"

"నేనేనమ్మా."

"కాదు అంకుల్. మీరు కాదు." ఆమె గొంతు మామూలుగానే ఉంది. "బాల్కనీ నుంచి చూసిన. కింద అవినాష్ ఉన్నడు. జొన్న ఆయన ఎడమ దిక్కు నడుస్తుంది, ఎప్పుడూ నడిచినట్టే. మీరైతే కనిపించలే."

ఇస్సాకు తాడు కట్టడం ఆపాడు. అక్కడ అతను చేసిన పొరపాటు ఒకటే: నోరు మూసుకోలేకపోయాడు. "నాకూ అనుమానంగానే ఉందమ్మా. వానొస్తే చాలు, అది ఎవరినో చూసి తోకాడిస్తంది. నా మొహం చూస్తే మాత్రం బెదురుతంది" అని చెప్పేశాడు. వంటింట్లో సుభద్రమ్మ చేతిలో గిన్నె కిందపడింది.

ఆ రాత్రి గడవకుండానే ఆమె నిశ్చయించేసింది. కొడుకు ఆత్మని ఈ కుక్కే కదలనివ్వడం లేదు. ఇది పిలుస్తున్నంతకాలం వాడు పోడు, కోడలు కోలుకోదు. తెలిసినవాళ్ల ద్వారా జీడిమెట్లలో ఒక గోడౌను మనిషిని మాట్లాడింది. కాపలాకి కుక్క కావాలట, వచ్చి పట్టుకుపోతాడట.

ఇస్సాకుకి ఆ గోడౌన్లు తెలుసు. క్యాబు రోజుల్లో మందుల కంపెనీల వాళ్లని దింపడానికి అటు వెళ్లేవాడు. ఇనప గేటు, దానికి బారెడు గొలుసు, గొలుసు చివర ఒక కుక్క. అది తిరిగిన మేరా నేల గుండ్రంగా అరిగిపోయి ఉండేది. తెలియని మనిషికి అది కాపలా కాస్తున్నట్టు కనబడుతుంది. ఇస్సాకుకి అది గానుగెద్దులా కనబడేది. జొన్న ఆ గుండ్రంలోకి వెళ్తే నెలరోజులు కూడా బతకదు. దాన్ని అక్కడికి పంపుతున్నది తన మాటే.

"దయ్యం ఉందని నువ్వే చెప్పి, కుక్కని పంపొద్దని నువ్వే ఏడిస్తే ఎట్లాగయ్యా?" అంది రూతమ్మ అన్నం వడ్డిస్తూ. "ఏదో ఒకటి తేల్చు."

"ఎలా తేల్చేది?"

"నీకు కుక్కని నేర్పిన బాబు ఎలా తేల్చేవాడో అలా."

కుక్కని పట్టుకుపోయే రోజున వాన మధ్యాహ్నం నుంచే దిగింది. నాలుగింటికే చీకటి కమ్మి, ఎదుటి మేడల పైభాగాలు మబ్బులో కరిగిపోయాయి. గోడౌను మనిషి వ్యాను గేటు దగ్గర ఆగి ఉంది. "ఒక్కసారి తిప్పుకొచ్చి అప్పజెప్పయ్యా" అంది సుభద్రమ్మ, కుక్క వంక చూడకుండా. రమ్య గదిలోంచి బయటికే రాలేదు.

సెల్లారులో ఇస్సాకు కోటు తొడుక్కున్నాడు. తిరిగి చూశాడు. జొన్న ఎడమ పక్కన ఉంది.

తోటలో మనిషన్నవాడు లేడు. దారి దీపాలు పగలే వెలిగి, ఒక్కోదాని చుట్టూ వాన ఒక్కో గుడారంలా కురుస్తోంది. జొన్న ఆనుకుని నడుస్తోంది. టోపీ లోపల ఇస్సాకుకి తన ఊపిరే ఇంకొకరిదిలా వినబడింది. నడక ఆపితే ఆ ఊపిరి ఆగుతుందేమోనని ఆగాడు. ఆగలేదు. బండ దగ్గరికి చేరాక నిలబడి ఆకాశం వైపు చూశాడు. "ప్రభువా, బాబుని నీ దగ్గరే ఉంచుకో తండ్రీ, మా దగ్గరికి పంపకు" అని పైకే అన్నాడు.

అప్పుడు జొన్న వెనక కాళ్ల మీద లేచి, ముందుకాళ్లు అతని తొడకి ఆనించి, ముక్కుని ఎడమ జేబుకి గుచ్చింది. ముందుకి లాగితే రాలేదు. గుచ్చి, పీల్చి, తల విదిల్చి, మళ్లీ గుచ్చింది.

తాడు లాగబోయిన ఇస్సాకు చెయ్యి గాలిలో ఆగింది. అయ్యేదాకా నిలబడు అంకుల్. అది ముందు ముక్కుతోని చూస్తది.

నిలబడ్డాడు. ఇన్నాళ్లూ అది ఎటు చూస్తోందా అని తానూ అటే కళ్లు చించుకుని చూశాడు గాని, అది ఏం వాసన చూస్తోందని ఒక్కసారీ చూడలేదు. వంగి, పట్టేసిన జిప్పుని రెండు చేతులతో బలంగా లాగాడు. పళ్లూడిపోయి జేబు తెరుచుకుంది. అడుగున వేలికి తగిలినవి బయటికి తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఎండు నెత్తళ్ల ముక్కలు. ఉప్పు తెల్లదనం లేనివి. చీరాల నుంచి తాను తెచ్చి అవినాష్ చేతికిచ్చినవి.

ఇస్సాకు కోటు విప్పాడు. పాములా ఒంటికి చుట్టుకున్నదాన్ని విదిల్చినట్టు విప్పి, బండ అంచుకి తగిలించి, వానలో వెనక్కి నడిచాడు. తాడు వదులుగా వదిలాడు. జొన్న అతని వెంట రాలేదు. కోటు కిందికి వెళ్లి, మూడు చుట్లు తిరిగి, ముక్కు తోకలో దాచుకుని పడుకుంది. ఖాళీ కొక్కెం కింద పడుకున్నట్టే.

అది బెదిరింది దయ్యాన్ని చూసి కాదు. కోటు ఒక మనిషి వచ్చాడని చెబుతోంది, దాని లోపలి ఊపిరి ఇంకో మనిషని చెబుతోంది. తడికి వాసన లేచినప్పుడల్లా దాని యజమాని వచ్చాడు. తలెత్తి చూసినప్పుడల్లా ఆ బట్టల్లో వేరెవరో ఉన్నారు. మనకే అలా జరిగితే ఏమైపోతామో ఆలోచించాలి.

మెట్ల మీద నుంచి చప్పుడైంది. రమ్య చెప్పుల్లేకుండా పరుగెత్తుకొస్తోంది, వెనక సుభద్రమ్మ పైట తలకి కప్పుకుని.

"అంకుల్! పైనుంచి చూసిన... ఒక్క మనిషి ఇద్దరైండు. అవినాష్ ఆడ నిలబడ్డడు, మీరు విడిగొచ్చిన్రు..." ఆమె బండ అంచున వేలాడుతున్నదేమిటో చూసింది. దగ్గరికి వెళ్లి కోటు ఆకుపచ్చ చేతిని పట్టుకుంది. "ఇది మా తలుపు దగ్గర కొక్కేనికి ఉండేది. ఆ రోజు ఎండ ఉందని తీస్కపోలే. ఇది చూడలేక నేనే కండ్లముందు ఉంచొద్దన్న. అత్తమ్మా, కాలవెట్టించిన అన్నరు కదా?"

సుభద్రమ్మ తడబడింది. "లచ్చమ్మకిచ్చి కాలవెట్టమన్న బిడ్డా. ఒట్టు."

లచ్చమ్మని పిలిపిస్తే చీపురు పట్టుకునే వచ్చింది. దూరం నుంచే కోటుని చూసి, అడక్కుండానే అందుకుంది.

"నన్ను అనుర్రి, తిట్టుర్రి. గంత మంచి కోటును ఎట్ల కాలవెడ్తరమ్మా, చేతులు రాలే. నేను తొడుక్కుందునా, సచ్చినోళ్ల బట్ట, భయమైంది. ఇస్సాకన్నోళ్లకు గివన్ని పట్టింపులుండయి కదా, ప్రార్థన చేసుకుంటే పోతదనుకున్న."

"నాతో ఒక ముక్క చెబితే ప్రార్థన ముందే చేసుకునేవాణ్ణి కదమ్మా!" అన్నాడు ఇస్సాకు పళ్లు కటకటలాడిస్తూ. చలికో కోపానికో అతనికే తెలియలేదు. రమ్యకి నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చింది.

సుభద్రమ్మ నవ్వలేదు. కోటు దగ్గరికి వెళ్లి, దాని మెడ పట్టీని రెండు చేతులతో మొహానికి అద్దుకుంది. చాలాసేపు పీల్చింది. పీల్చి, అయోమయంగా కిందికి చూసింది.

"నాకేం వాసన వస్తలేదే" అంది. "రబ్బరు వాసన, వాన వాసన. నేను కన్న కొడుకు... నాకు రాంది దీనికి ఎట్ల వస్తుంది?"

జొన్న ఒక కన్ను తెరిచి ఆమెని చూసింది. సుభద్రమ్మ ఆ బురదలోనే, చీర అంచు సంగతి మరిచి, దాని పక్కన కూలబడింది. గేటు దగ్గర వ్యాను హారను కొట్టింది. ఆమె తలెత్తకుండానే చెయ్యి ఊపింది.

"పొమ్మనయ్యా ఇస్సాకూ. దీన్ని పంపితే ఇంట్ల వాణ్ని ఎర్కవట్టేటోళ్లు ఎవలుంటరు?"

ఇస్సాకు వ్యాను దగ్గరికి వెళ్లి చెప్పాడు. గోడౌను మనిషి గొణిగి, గొలుసు సీటు కింద పడేసి వెళ్లిపోయాడు.

కోటు మళ్లీ ఇంటికొచ్చింది, కొక్కేనికి కాదు, కింద నేల మీదికి. జొన్న దాని మీదే పడుకునేది. సాయంత్రాల్లో ఇప్పటికీ కూసేది. సుభద్రమ్మ చెప్పులు తిరగెయ్యడం మానేసి, దాని పక్కన కూర్చుని వీపు నిమిరేది. ఇస్సాకుతో పాటు రమ్య కూడా నడకకి దిగడం మొదలుపెట్టింది. వారాలు గడిచేకొద్దీ కోటులో వాసన పలచబడి ఉండాలి. కొన్నాళ్లకి జొన్న దాన్ని వదిలి రమ్య మంచం కింద పడుకోసాగింది.

వానాకాలం చివర్లో ఒక జల్లు కురిసింది. ఇస్సాకు రమ్య కొనిచ్చిన కొత్త నీలం కోటు వేసుకున్నాడు. జొన్న కుడి పక్కనే, బుద్ధిగా నడిచింది. ఇస్సాకు గుండె తేలికైంది.

బండ దగ్గరికి వచ్చేసరికి అది ఆగింది. కోటు వేలాడిన అంచు ఏనాడో కడిగేసినట్టు శుభ్రంగా ఉంది. జొన్న అటు వెళ్లి, ఖాళీ రాతికి ముక్కు ఆనించి, నెమ్మదిగా తోక ఊపింది. ఇస్సాకు ఎడమ పక్కకి చూడదలుచుకోలేదు. చూశాడు. వాన కురుస్తోంది.

అతను తాడు లాగలేదు. కాస్త కుడికి జరిగి, దానికి వాసన అయ్యేదాకా నిలబడ్డాడు.